తేనుపు మీద పన్ను: పార్లమెంటు మెట్లెక్కిన ట్రాక్టర్ కథ

ఇవాళ ఒక ట్రాక్టర్ కథతో మొదలుపెడతాను.

2003 సెప్టెంబర్ 4. న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్. పార్లమెంటు ముందు కొన్ని వందల మంది రైతులు ప్లకార్డులు పట్టుకుని అరుస్తున్నారు. అంతలో ఒక పాత ట్రాక్టర్ వచ్చింది. దానికి ఒక పేరు కూడా ఉంది, మర్టిల్. నడుపుతున్నాయన ప్రతిపక్ష ఎంపీ షేన్ ఆర్డెర్న్. ఆయన స్వయంగా పాడి రైతు. పోలీసులు ఆపబోతుంటే ఆగకుండా, ఆ ట్రాక్టర్‌ని నేరుగా పార్లమెంటు మెట్ల మీదకి ఎక్కించేశాడు. ఆ ఫొటో మర్నాడు దేశమంతా చూసింది. పోలీసులు కేసు పెట్టారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు.

ఇంత గొడవ దేనికి? ఆవులు, గొర్రెలు వదిలే గ్యాస్ మీద ప్రభుత్వం రుసుము వేస్తానంది. పత్రికలు దానికి 'ఫార్ట్ ట్యాక్స్' అని పేరు పెట్టాయి. మన మాటల్లో పిత్తు పన్ను. నవ్వండి, ఫర్వాలేదు. నేనూ మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. ఈ ఎపిసోడ్‌ని కూడా ఒక తమాషా కథలాగే చేద్దామనుకుని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నవ్వు తగ్గింది. ఎందుకో చెప్తాను.

ముందు ఆ పేరులో తప్పు సరిచేద్దాం. ఆవు వదిలే మీథేన్‌లో అత్యధిక భాగం, సుమారు 95 శాతం, వెనక నుంచి రాదు. నోట్లోంచి వస్తుంది, తేనుపుగా. మీ ఇంట్లో గేదె ఉంటే సాయంత్రం అది నెమరు వేస్తున్నప్పుడు దగ్గర కూర్చుని చూడండి. మా అమ్మమ్మ వాళ్లింట్లో రెండు గేదెలుండేవి. కుడితి తాగి, వరిగడ్డి తిని, పడుకుని కళ్లు సగం మూసుకుని నెమరు వేస్తూ ఉండేవి. మధ్యలో ఒక చిన్న శబ్దం, గొంతులోంచి ఏదో పైకి వచ్చినట్టు. అదే మనం మాట్లాడుకుంటున్న గ్రీన్‌హౌస్ వాయువు.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. మన పేపర్లలో 'కర్బన ఉద్గారాలు' అని రాస్తారు కదా. ఉద్గారం అన్న సంస్కృత పదానికి పాత అర్థం ఏంటో తెలుసా? తేనుపు. అంటే ఆవు విషయంలో మాత్రం మన అనువాదకులు తెలియకుండానే అక్షరాలా నిజం రాశారు.

సరే, ఆవు ఎందుకు తేన్చుతుంది? గడ్డి మనం తింటే అరగదు. ఆవుకి కూడా నిజానికి సొంతంగా అరగదు. దాని పొట్టలో నాలుగు గదులుంటాయి. మొదటి పెద్ద గది, రూమెన్, ఒక పులియబెట్టే కాగు లాంటిది. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని విరగ్గొట్టి ఆవుకి పనికొచ్చే ఆహారంగా మారుస్తాయి. ఆ పనిలో హైడ్రోజన్ మిగిలిపోతుంది. అది పేరుకుపోతే పులియడమే మందగిస్తుంది. అందుకని ఇంకో జాతి సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ని, కార్బన్ డయాక్సైడ్‌ని కలిపి మీథేన్ చేస్తాయి. ఆవు దాన్ని తేన్చి బయటికి పంపేస్తుంది. ఒక పాడి ఆవు ఏడాదికి సుమారు 80 నుంచి 100 కిలోల మీథేన్ వదులుతుంది. గొర్రె పది, పన్నెండు కిలోలు.

ఇది సైన్స్‌కి కొత్త సంగతేం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే యూరప్‌లో పశువుల్ని గాలి చొరబడని గదుల్లో పెట్టి, లోపలికి పోయే గాలి ఎంత, బయటికి వచ్చే గ్యాస్ ఏంటి అని కొలిచేవాళ్లు. వాతావరణం కోసం కాదు, దాణా లెక్క కోసం! పశువు తిన్న మేతలోని శక్తిలో సుమారు ఆరు శాతం మీథేన్‌గా గాల్లో కలిసిపోతోంది. అంటే రైతు డబ్బు గాల్లో కలుస్తోంది. దాన్ని తగ్గిస్తే పాలో మాంసమో పెరుగుతుందని వాళ్ల ఆశ. మీథేన్ భూమిని వేడెక్కించే వాయువు అని శాస్త్రవేత్తలు గట్టిగా చెప్పింది 1970లలో. ప్రపంచంలోని పశువులన్నీ కలిపి ఎంత వదులుతున్నాయో 1986లో పాల్ క్రుట్జెన్, ఆయన సహచరులు లెక్కగట్టారు. ఓజోన్ మీద పనికి తర్వాత నోబెల్ అందుకున్న క్రుట్జెనే. అప్పటిదాకా దాణా లెక్కగా ఉన్న తేనుపు అప్పట్నుంచి వాతావరణం లెక్క కూడా అయింది.

ఇప్పుడు న్యూజిలాండ్‌కి ఎందుకు వెళ్లాలి? ఎందుకంటే ఆ దేశంలో పశువులే ఆర్థిక వ్యవస్థ. 1882లో డునెడిన్ అనే ఓడ దాదాపు ఐదు వేల గొర్రెల, గొర్రెపిల్లల మాంసాన్ని మంచులో గడ్డకట్టించి లండన్‌కి చేర్చింది. ప్రయాణానికి 98 రోజులు పట్టింది, మాంసం చెడిపోలేదు. అంతే, ఒక దేశం దశ తిరిగిపోయింది. అడవులు కొట్టి పచ్చిక వేశారు. బ్రిటన్ తినే మాంసం, వెన్న భూమికి అవతలి వైపు నుంచి వెళ్లేవి. మిగతా ధనిక దేశాల్లో ఉద్గారాలంటే కార్లు, కరెంటు, ఫ్యాక్టరీలు. న్యూజిలాండ్‌లో మొత్తం ఉద్గారాల్లో సుమారు సగం వ్యవసాయానివే. కరెంటు ఎక్కువగా జలవిద్యుత్తే కాబట్టి అక్కడ పెద్దగా తగ్గించడానికేం లేదు. ఏం తగ్గించాలన్నా చివరికి ఆవు దగ్గరికే రావాలి.

ఇక్కడ పన్ను కథ కాసేపు ఆపి, ఎవరూ పెద్దగా చెప్పని ఇంకో కథ చెప్తాను. నా దృష్టిలో ఇదే అసలు కథ.

1973లో బ్రిటన్ యూరోపియన్ ఆర్థిక కూటమిలో చేరింది. న్యూజిలాండ్‌కి వందేళ్ల ఖాతాదారు చేయి జారిపోవడం మొదలైంది. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? రైతుల్ని కాపాడ్డానికి సబ్సిడీలు కుమ్మరించింది. 1978లో ఉన్నికి, మాంసానికి కనీస ధర పథకం పెట్టింది. మార్కెట్లో ధర పడిపోతే మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. రైతు ఏం చేస్తాడు? ఇంకో పది గొర్రెలు పెంచుతాడు. మనమైనా అదే చేస్తాం. 1982లో గొర్రెల సంఖ్య 7 కోట్లు దాటింది. అప్పుడు దేశ జనాభా 32 లక్షలు. మనిషికి 22 గొర్రెలు! గొర్రెల రైతుల ఆదాయంలో దాదాపు 40 శాతం ప్రభుత్వం నుంచే వస్తున్న రోజులవి.

1984లో డేవిడ్ లాంగీ ప్రభుత్వం వచ్చింది. ఆర్థిక మంత్రి రోజర్ డగ్లస్. ఖజానా ఖాళీ. దాదాపు అన్ని వ్యవసాయ సబ్సిడీలూ తీసేశారు, అదీ చాలా వేగంగా. భూముల ధరలు పడిపోయాయి, వడ్డీలు పెరిగాయి. 1986లో రైతులు పార్లమెంటు మీదకి ఊరేగింపుగా వచ్చారు. కొందరు భూములు వదిలేశారు. మిగిలినవాళ్లు నిలబడ్డారు. కానీ గొర్రెలు నిలబడలేదు. ఉన్ని ధర కూడా తోడై పడిపోయింది. ఏటేటా మంద తగ్గుతూ వచ్చి ఇప్పుడు రెండున్నర కోట్ల లోపు ఉంది.

నాలుగున్నర కోట్ల గొర్రెలు తగ్గాయండి. ఒక్కొక్కటి ఏడాదికి పది కిలోల మీథేన్ అనుకున్నా, ఎంత తగ్గిందో మీరే కాలిక్యులేటర్ తీసి చూసుకోండి. గొర్రెల వరకు చూస్తే ఇంత పెద్ద తగ్గుదల ఏ వాతావరణ చట్టమూ తేలేదు. విచిత్రం ఏంటంటే ఇది చేసినవాళ్ల బుర్రలో వాతావరణం అన్న మాటే లేదు. ఖజానా గురించి ఆలోచించారు, అంతే.

కానీ ఆగండి, ఇక్కడ సంతోషపడిపోకూడదు. గొర్రెలు మేసిన నేలలో చాలా భాగానికి పాడి ఆవులొచ్చాయి. చైనా పాలపొడి కొనడం మొదలుపెట్టాక పాడి బంగారమైంది. 1990లో పాడి పశువులు సుమారు 34 లక్షలు. 2014కి సుమారు 67 లక్షలు. గొర్రెల్లో తగ్గిన మీథేన్‌లో చాలా భాగాన్ని ఆవులు తిరిగి తెచ్చేశాయి. పైగా పచ్చికకి యూరియా వాడకం పెరిగింది, దాంతో నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వాయువు పెరిగింది. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బింది.

ఇప్పుడు మళ్లీ మన ట్రాక్టర్ దగ్గరికి వద్దాం.

2002 చివర్లో న్యూజిలాండ్ క్యోటో ఒప్పందాన్ని ఆమోదించింది. ప్రధాని హెలెన్ క్లార్క్. ఉద్గారాలు తగ్గిస్తామని మాటిచ్చారు సరే, ఆవు తేనుపు ఆపడం ఎలాగో అప్పటికి ఎవరికీ తెలీదు. అందుకని పరిశోధన చేయాలి. దానికి డబ్బు కావాలి. పశువుల రైతుల నుంచి ఏడాదికి 84 లక్షల న్యూజిలాండ్ డాలర్లు వసూలు చేద్దాం, ఆ డబ్బంతా ఈ పరిశోధనకే పెడదాం అన్నారు. గమనించండి, ఇది ఉద్గారానికి శిక్షగా వేసిన పన్ను కాదు. పరిశోధన రుసుము. దేశంలో ఉన్న వేలాది పశువుల రైతుల మధ్య పంచితే ఒక్కొక్కరికి పెద్ద మొత్తం కూడా కాదు.

కానీ పేరు చెడిపోయింది కదా. పిత్తు పన్ను అన్నాక ఇంక ఎవరు వింటారు? రైతులు ఎంపీలకి పేడ పార్సిళ్లు పంపారు. ట్రాక్టర్ మెట్లెక్కింది. ప్రభుత్వం చివరికి తగ్గి, రుసుము ఆలోచన వదిలేసింది.

2003 వరకు నా అభిప్రాయం అడిగితే, రైతుల కోపం ఆ రుసుముకి మించిపోయింది. కానీ ఆ కోపానికి వెనక 1984 ఉంది. మీ సబ్సిడీలన్నీ తీసేసి, మార్కెట్‌లో మీరే బతకండి అని ప్రభుత్వం చెప్పి ఇరవై ఏళ్లు కాలేదు. వాళ్లు బతికి చూపించారు. ఇప్పుడు అదే ప్రభుత్వం మీ ఆవు ఊపిరికి డబ్బు కట్టండి అంటే వాళ్లకి ఎలా వినపడి ఉంటుంది?

అయితే రుసుము పోయినా అంతా పోలేదు. పాడి, మాంసం పరిశ్రమలు తామే కొంత డబ్బు పెట్టి ప్రభుత్వంతో కలిసి పరిశోధన సాగించడానికి ఒప్పుకున్నాయి. ఆ పరిశోధనలోంచి వచ్చిన ఒక సంగతి నాకు చాలా నచ్చింది. గొర్రెల్ని ఒక్కొక్కదాన్నీ గంటసేపు ఒక చిన్న పెట్టెలాంటి గదిలో నిలబెట్టి ఎంత మీథేన్ వదిలిందో కొలిచారు. ఒకే మేత తిన్న గొర్రెల్లోనే కొన్ని ఎక్కువ వదులుతున్నాయి, కొన్ని తక్కువ. తక్కువ వదిలేవాటిని వాటితోనే జత కట్టించారు. పిల్లల్ని మళ్లీ కొలిచారు. కొన్ని తరాలకి రెండు మందలు తేలాయి. ఎక్కువ వదిలే మందకీ తక్కువ వదిలే మందకీ మధ్య పది శాతానికి పైగా తేడా. తక్కువ వదిలేవాటి రూమెన్ కూడా కాస్త చిన్నదిగా ఉందని తేలింది. మేత అందులో ఎక్కువసేపు నిలవ ఉండదు. మందు లేదు, ఇంజెక్షన్ లేదు. మన పెద్దవాళ్లు మంచి ఆబోతుని ఏరి దూడలు వేయించినట్టే, ఏరడానికి కొలత మాత్రం కొత్తది.

మందుల వైపు కూడా ప్రపంచంలో పని జరిగింది. బొవేర్ అనే దాణా పొడి ఉంది. రూమెన్‌లో మీథేన్ తయారుచేసే చివరి మెట్టుని అది ఆపుతుంది. పాడి ఆవుల్లో సుమారు 30 శాతం తగ్గుతుందని చెప్తారు. యూరప్ 2022లో అనుమతిచ్చింది. 2024 చివర్లో బ్రిటన్‌లో దీన్ని కొన్ని ఫారాల్లో వాడి చూస్తామని ఒక పెద్ద పాల కంపెనీ ప్రకటించగానే, జనం పాలు సింకులో పారబోస్తూ వీడియోలు పెట్టారు. మీలో కొందరు ఆ రీల్స్ చూసే ఉంటారు. బిల్ గేట్స్ కుట్ర అన్నారు. ఆయన పెట్టుబడి పెట్టింది వేరే కంపెనీలో. అదలా ఉంచండి. న్యూజిలాండ్ సమస్య వేరు. ఆ పొడి మేతలో రోజూ సరిగ్గా కలవాలి. కొట్టంలో కట్టి దాణా పెట్టే ఆవుకి కుదురుతుంది. రోజంతా బీడులో తిరిగి మేసే ఆవుకి ఎలా కలుపుతావు?

ఇంక చట్టాల సంగతి చకచకా చెప్పేస్తాను, ఎందుకంటే అది వాయిదాల చరిత్ర. 2008లో కర్బన మార్కెట్ చట్టం వచ్చింది, వ్యవసాయాన్ని 2013లో కలుపుతామన్నారు. తర్వాత 2015 అన్నారు. తర్వాత తేదీయే తీసేశారు. 2019లో జీరో కార్బన్ చట్టం 119 ఓట్లకి ఒక్క ఓటు వ్యతిరేకంతో పాసైంది. అందులో ఒక ముఖ్యమైన మార్పు ఉంది. మీథేన్ గాల్లో సుమారు పన్నెండేళ్లే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ వందల, వేల ఏళ్లు పేరుకుంటూ పోతుంది. కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టొద్దని రైతులు వాదించారు. నిజానికి సైన్స్ కూడా అదే చెప్తోంది. అందుకే మీథేన్‌కి వేరే లక్ష్యం పెట్టారు. 2017 స్థాయి నుంచి 2030కి 10 శాతం, 2050కి 24 నుంచి 47 శాతం తగ్గించాలి. సున్నా చేయక్కర్లేదు.

దాన్ని అందుకోవడం ఎలా అన్నదానికి ప్రభుత్వం, రైతు సంఘాలు, మావోరీ ప్రతినిధులు కలిసి ఒక వేదిక పెట్టుకున్నారు. పేరు 'హే వాకా ఏకే నోవా'. మావోరీ భాషలో అందరం ఒకే పడవలో ఉన్నాం అని భావం. పడవ ఎంతదూరం వెళ్లిందో చూడండి.

2022 అక్టోబర్‌లో ప్రధాని జెసిండా ఆర్డెర్న్ ప్రకటించారు, 2025 నుంచి పశువుల ఉద్గారాలకి రైతులు డబ్బు కట్టాలని. ప్రపంచంలో ఇదే మొదటిదన్నారు. ఆర్డెర్న్ అన్న ఇంటిపేరు ఇందాక విన్నట్టుంది కదా? ట్రాక్టర్ ఎక్కించిన షేన్ ఆర్డెర్న్‌కి ఈమె దూరపు బంధువు. చరిత్ర ఒక్కోసారి సినిమా కథలా ఉంటుంది.

మళ్లీ ట్రాక్టర్లు రోడ్డెక్కాయి, ఈసారి ఊరూరా. ఈసారి రైతుల మాటలో నాకు ఎక్కువ బలం కనపడింది. గొర్రెలు, మాంసం పశువుల పెంపకం గణనీయంగా తగ్గిపోతుందని ప్రభుత్వం సొంత అంచనాల్లోనే ఉంది. కొండ ప్రాంతాల్లో గొర్రెలు పెంచేవాళ్లు నలిగిపోయి, ఆ భూములు కార్బన్ క్రెడిట్ల కోసం పైన్ చెట్లు నాటే కంపెనీల చేతికి పోతాయని వాళ్ల భయం. ఊరు ఖాళీ అయితే బడి మూతపడుతుంది, దుకాణం మూతపడుతుంది. పైగా మేం తగ్గిస్తే ఇంకో దేశం ఇంకా ఎక్కువ మీథేన్‌తో అదే మాంసం తయారుచేస్తుంది కదా అన్నారు. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ ఒక్క వాదనతో ఏ దేశమైనా ఎప్పటికీ ఏమీ చేయకుండా ఉండిపోవచ్చు.

2023 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. 2024 జూన్‌లో కొత్త ప్రభుత్వం వ్యవసాయాన్ని కర్బన మార్కెట్ నుంచి తప్పిస్తామంది, ఒకే పడవ వేదికని కూడా రద్దు చేసింది. 2025 అక్టోబర్‌లో 2050 మీథేన్ లక్ష్యాన్ని 14 నుంచి 24 శాతానికి దించి, మీథేన్ పన్ను ఉండదని తేల్చేసింది. ఇరవై రెండేళ్ల తర్వాత మర్టిల్ గెలిచింది.

మరి మన సంగతేంటని మీరు అడుగుతారని తెలుసు. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఆవులు, ఎద్దులు 19 కోట్లకి పైగా, గేదెలు దాదాపు 11 కోట్లు. 2021లో గ్లాస్గోలో మీథేన్ తగ్గింపు ప్రతిజ్ఞ మీద న్యూజిలాండ్ సంతకం పెట్టింది, భారత్ పెట్టలేదు. రెండు గేదెలున్న ఇంటికీ, వందల ఆవులున్న ఎగుమతి ఫారానికీ ఒకే లెక్క వేయడం నాకూ న్యాయం అనిపించదు. కానీ మన దగ్గర పని మిగిలి లేదని కాదు. పాలు తక్కువిచ్చే పశువు కూడా తిన్నంత తిని, తేన్చినంత తేన్చుతుంది. అంటే లీటరు పాలకి మీథేన్ ఎక్కువ పడుతుంది. ఒట్టి వరిగడ్డికి బదులు పచ్చిమేత, చెక్క, ఖనిజ లవణాలు సరైన పాళ్లలో పెడితే పాలు పెరుగుతాయి, లీటరుకి మీథేన్ తగ్గుతుంది. పాడి అభివృద్ధి సంస్థ ఎన్‌డీడీబీ ఊళ్లలో చేయించిన దాణా సమతుల్యం కార్యక్రమం ఇదే. అందులో రైతుని ఒప్పించడానికి వాతావరణం పేరు ఎత్తక్కర్లేదు, పాల కేంద్రంలో వచ్చే డబ్బు చాలు.

ఇంకొకటి. ఎప్పుడు ఈ విషయం మాట్లాడినా ఎవరో ఒకరు గోబర్ గ్యాస్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు. గోబర్ గ్యాస్ మంచిదే, కానీ అది పేడలోంచి వచ్చే మీథేన్‌ని పడుతుంది. తేనుపుని పట్టలేదు. ఆవు విషయంలో పెద్ద వాటా తేనుపుదే.

న్యూజిలాండ్‌లో ఆ తక్కువ మీథేన్ గొర్రెల జన్యు లెక్కలు ఇప్పుడు పెంపకందారులకి అందుబాటులో ఉన్నాయి. పొట్టేలుని కొనేటప్పుడు ఉన్ని ఎంత, బరువు ఎంత అన్నట్టే మీథేన్ ఎంత అని కూడా చూసుకోవచ్చు. చూసుకుంటే రైతుకి ఏం వస్తుంది అంటే, పన్ను లేదు కాబట్టి ప్రభుత్వం నుంచి ఏమీ రాదు. ఆ మాంసం కొనే కంపెనీలు ఎప్పుడైనా అడిగితే తప్ప.

ఈలోగా డెన్మార్క్ అదే దారిలో బయల్దేరింది. 2024లో ప్రభుత్వం, రైతు సంఘం, పర్యావరణ సంస్థలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. 2030 నుంచి పశువుల ఉద్గారాల మీద టన్నుకి 300 క్రోనర్ల పన్ను, అందులో 60 శాతం మినహాయింపు, అంటే చేతినుంచి 120 క్రోనర్లు. 2035కి ఆ 120 కాస్తా 300 అవుతుంది. అక్కడ కూడా ట్రాక్టర్లున్నాయి. 2030లో ఏమవుతుందో చూసి ఈ ఎపిసోడ్‌కి రెండో భాగం చేస్తాను. ఉంటానండి.